గోనెగండ్ల ఆయన మింగిన పిన్నీసు

ముందే చెబుతున్నాను, ఇందులో నేను గొప్పవాడిగా కనబడే చోటు ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఎక్స్‌రే గదుల్లో పనిచేసి రిటైరైనవాడు తన గురించి రాసుకునేటప్పుడు కాస్త మెరుగులు దిద్దుకోవడం మామూలే. నేనూ రెండుసార్లు అలాగే రాసి, చదువుకుని, సిగ్గేసి చించేశాను. కోర్సు పాసై, మెడలో కార్డు వేలాడేసుకుని కొత్తగా డ్యూటీలో చేరుతున్న పిల్లలు దీన్ని చదువుతారని నా ఆశ. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

మాది తుంగభద్ర ఒడ్డున మాధవరం. మొదట ఎమ్మిగనూరులో, తర్వాత ఆదోనిలో పనిచేశాను. నా సర్వీసు చివరి పన్నెండేళ్ళు గడిచింది ఆదోనిలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో. దాని పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. అక్కడ సర్జన్ ఒకావిడ. అందరం డాక్టరమ్మ అనేవాళ్ళం. నోట్లోంచి గొట్టం వేసి కడుపులోకి తొంగిచూసే పని, అవసరమైతే కడుపు కోసే పని రెండూ ఆమెవే. వార్డులో ఒక ఆయమ్మ ఉండేది. డాక్టరమ్మకు భయపడని రోగులు కూడా ఆయమ్మకు భయపడేవాళ్ళు. నేనూ అంతే.

మా వైపు మనుషులు ఏమేం మింగుతారో ఎక్స్‌రే గదిలో కూర్చుంటే తెలుస్తుంది. పిల్లలు రూపాయి బిళ్ళలు మింగుతారు, అది సరే. ఎమ్మిగనూరు టైలరు ఒకాయన గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని కొలతలు చెబుతూ ఒకటి మింగాడు. కౌతాళం పెద్దాయన ఒకరు జొన్నరొట్టెతో పాటు తీగ ఉన్న కట్టుడుపన్ను కూడా నమిలి మింగి, రొట్టె గట్టిగా ఉందని కోడల్ని తిట్టాడు. ఇవన్నీ క్షేమంగా ముగిసిన కథలు. గోనెగండ్ల ఆయనది కూడా క్షేమంగానే ముగిసింది, కానీ అందులో నా ప్రతాపం ఏమీ లేదు.

పత్తి విచ్చుకునే రోజులు. పొద్దున పది గంటలకు గోనెగండ్ల నుంచి నలభై అయిదేళ్ళ రైతు ఒకాయన వాళ్ళమ్మతో వచ్చాడు. మనిషి నడుచుకుంటూనే వచ్చాడు, నొప్పి లేదు, వాంతి లేదు. మొహంలో మాత్రం ఏదో దొంగతనం చేసి పట్టుబడ్డ వాలకం.

"ఏం మింగినావప్పా?" అని అడిగాను.

"పిన్నీసు సార్. నేను మింగల్య. అదే పాయ."

మీలో పట్నం పిల్లలకు ఇది కొత్త కావచ్చు. మా మెట్ట పల్లెల్లో సేద్యం చేసే మగవాళ్ళు చాలామంది మొలతాడుకు ఒక పిన్నీసు తగిలించుకుంటారు. అరికాల్లో ముల్లు దిగితే దాంతోనే తీసుకోవాలి. చెప్పు తెగితే దాంతోనే గుచ్చుకోవాలి. అన్నం తిన్నాక పళ్ళ సందులు కూడా దాంతోనే. ఈయన చేను గట్టు మీద కూర్చుని మరమరాల ఉగ్గాని, బజ్జీ తిని, పంటి సందులో ఇరుక్కున్న పప్పుబద్దను పిన్నీసుతో తీసుకుంటున్నాడు. పక్క చేని ఆయన ఏదో మాటన్నాడు. ఈయనకు నవ్వొచ్చింది. నవ్వు బయటికొచ్చింది, పిన్నీసు లోపలికెళ్ళింది.

"ఏం మాటన్నాడు?" అని అడిగాను, వైద్యానికి ఏమాత్రం అవసరం లేకపోయినా.

"మా అమ్మ ఈడుంది సార్, సెప్పకూడదు."

బల్ల మీద పడుకోబెట్టాను. ఎక్స్‌రేకు ముందు అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఒంటి మీద ఇనుము ఏమన్నా ఉందా?"

"నా ఇనుమంతా లోపలే ఉండాది కద సార్!"

నేను నవ్వాను. గుమ్మం దగ్గరున్న ఆయమ్మ కూడా నవ్వింది, అది అరుదు. అయినా ఆ రోజు నేను నా పని సరిగ్గానే చేశాను. పంచె కిందికి జరిపి చూశాను. మొలతాడుకు ఏమీ లేదు, ఒట్టి నల్లదారం. ఫిలింలో పిన్నీసు దివ్యంగా కనబడింది. కడుపులో ఉంది, మొన పైకి లేచి నోరు తెరుచుకుని ఉంది.

డాక్టరమ్మ చూసింది. మొన ఉన్న వస్తువు ఇంకా కడుపులోనే ఉంటే గొట్టం వేసి పట్టుకుని తీసేయాలి, పేగుల్లోకి జారనివ్వకూడదు. అంతా సిద్ధం చేయమంది. వెళ్తూ వెళ్తూ ఏమన్నా తిన్నావా అని అడిగింది. ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. వాళ్ళమ్మ కొంగులోంచి అరటిపండ్ల తొడిమెలు తీసి సాక్ష్యంగా చూపించింది.

"తొమ్మిది పండ్లు తినిపిచ్చినానమ్మా. ఒక్కో దాంట్లో మా సేని పత్తి కొంచెం కూరి ఇచ్చినా. పిన్నీసుకు మెత్తగా సుట్టుకుంటాదని ఎమ్మిగనూరు బస్టాండులో అందరూ అదే మాట సెప్పిరి."

"నీ కొడుకు కడుపును జిన్నింగ్ మిల్లు చేశావు గదమ్మా" అంది డాక్టరమ్మ. నిండు కడుపు మీద మత్తిస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుందని, మత్తు డాక్టరు ఆగమన్నాడు. ఆగాం. సాయంత్రం మళ్ళీ ఫిలిం తీస్తే పిన్నీసు కడుపు దాటి పేగుల్లోకి వెళ్ళిపోయింది. అక్కడికి గొట్టం అందదు. ఇది మాత్రం గుర్తుంచుకోండి: ఎవరైనా ఏదైనా మింగితే పండ్లు పెట్టకూడదు, కక్కించకూడదు, విరేచనాల మందు ఇవ్వకూడదు. ఏమీ తిననివ్వకుండా, నోరు కట్టి తీసుకురావాలి.

ఇక మిగిలింది కనిపెట్టుకుని ఉండటమే. డాక్టరమ్మ తల్లీకొడుకులిద్దరికీ విడమర్చి చెప్పింది. చాలా మటుకు ఇలాంటివి వాటంతట అవే బయటికొస్తాయి. రోజూ పొద్దున ఒక ఎక్స్‌రే తీస్తాం. దొడ్డికి కూర్చున్నప్పుడల్లా ఆయమ్మ ఇచ్చిన గిన్నెలోనే కూర్చోవాలి, అందులో పిన్నీసు పడిందేమో ఆయమ్మ చూస్తుంది. నొప్పి, జ్వరం, వాంతి వస్తే వెంటనే చెప్పాలి. మూడు రోజులు వరసగా ఒకే చోట కదలకుండా ఉంటే మాత్రం కడుపు కోసి తీయాల్సిందే.

కోయడం అనే మాట వినగానే ఆయన మొహం వాడిపోయింది. "సేన్లో పత్తి తెల్లగా ఇచ్చుకోనుండాది సార్. నా పెండ్లాం ఒక్కతే యాడ పీకుతాది? కడుపు కోస్తే ఆర్నెల్లు మూట ఎత్తకూడదంట కదా?" అని ఆ సాయంత్రం నన్ను నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ "నువ్వు భయపడకు, ఫిలిం తీసేది నేను కదా" అని ధైర్యం చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

రెండో రోజు పొద్దున ఫిలింలో పిన్నీసు బాగా కిందికి దిగింది. పొట్ట కుడివైపు అడుగున ఉంది. అందరం సంబరపడ్డాం. ఆ రోజు కూడా బల్ల మీద పడుకోగానే "ఇనుము?" అన్నాను. "లోపలే సార్" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. పంచె జరిపి చూడలేదు. నిన్న చూశాను కదా, ఒట్టి నల్లదారమే కదా అనుకున్నాను.

మూడో రోజూ అంతే. "ఇనుము?" "లోపలే." నాలుగో రోజు నేను అడగక ముందే ఆయన "లోపలే సార్" అన్నాడు. అడగాల్సిన ప్రశ్న పోయి దాని జాగాలో మా జోకు వచ్చి కూర్చుంది, నాకు తెలియనే లేదు.

మూడో రోజు పిన్నీసు కుడివైపు అడుగునే కనబడింది. నాలుగో రోజూ అక్కడే. పక్కకు తిరిగి ఉండటం వల్ల సన్నని గీతలాగా ఉంది. డాక్టరమ్మ ఫిలిం ముందు నిలబడి పెన్నుతో చూపించింది. చిన్నపేగు పెద్దపేగులో కలిసే మలుపు సరిగ్గా అక్కడే ఉంటుందట. అక్కడ చిక్కుకోవడం మామూలేనట. వార్డులోకి వెళ్ళి పంచె ముడి దాకా పొట్ట నొక్కి చూసింది. మెత్తగానే ఉంది. "దొడ్డికి పోయినావా?" అని అడిగితే ఆయన నేల చూస్తూ "రాల్యమ్మా" అన్నాడు. మూడు రోజులుగా అదే మాట. గిన్నె, గ్లవుజులు, ఒక వెదురుపుల్ల పక్కన పెట్టుకుని మూడు రోజులు కాపలా కాసిన ఆయమ్మ కూడా "రాలేదమ్మా, నేను కదల్లేదు ఈడనుంచి" అని సాక్ష్యం చెప్పింది. పేగు మూసుకుపోతోందేమో అన్న అనుమానం కూడా దానికి తోడైంది. అయిదో రోజు పొద్దున కూడా కదలకపోతే కోద్దామని డాక్టరమ్మ నిర్ణయించింది.

అయిదో రోజు. మత్తు డాక్టరు వచ్చాడు. థియేటరులోకి తీసుకుపోయే ముందు చివరి ఫిలిం ఒకటి తీయాలన్నది డాక్టరమ్మ నియమం. ఆయన బల్ల మీద పడుకున్నాడు. ఆ పొద్దున జోకు వెయ్యలేదు. "సార్, నాకేమన్నా అయితే మా యమ్మను నువ్వే బస్సెక్కియ్యాల" అన్నాడు. అప్పుడు కూడా పంచె జరిపి చూడలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ బటన్ నొక్కాను.

ఆయన్ని ఆయమ్మకు అప్పగించి ఫిలిం చేతికి తీసుకున్నాను. ఈసారి పిన్నీసు వెల్లకిలా, స్పష్టంగా పడింది. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను. అంత అందమైన ఫిలిం నా సర్వీసులో తక్కువ. మురిసిపోతూ డాక్టరమ్మ దగ్గరికి నడుస్తూ మళ్ళీ ఒకసారి చూసుకున్నాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో మెల్లగా తట్టింది. మొదటిరోజు పిన్నీసు నోరు తెరుచుకుని ఉంది. ఇది మూసుకుని ఉంది.

కడుపులో ఎవరు మూసినట్టు?

అదే సమయానికి వార్డులోంచి కేకలు వినబడ్డాయి. ఆపరేషనుకు తయారు చేయడానికి ఆయమ్మ మొలతాడు కత్తిరించబోతోంది. ఆయన వాళ్ళమ్మ కత్తెర పట్టుకుని వదలడం లేదు.

"నా కొడుకు బతికుండంగా మొలతాడు తెంపుతావా? పాడె మీదనా తెంపేది, మంచం మీదనా?"

"సరేలేవమ్మా, మొలతాడు ఉంచుకో. ఆ పిన్నీసైనా తీసియ్యి, మత్తు డాక్టరు తిడతాడు!"

నేను ఫిలిం పట్టుకుని పరిగెత్తాను.

వార్డులోకి పోయి చూస్తే ఉంది. కుడి తుంటి మీద, నల్లదారానికి, తళతళలాడే కొత్త పిన్నీసు. పసుపు కూడా రాసి ఉంది.

"ఇదెప్పుడు పెట్టినావమ్మా?"

"ఈడికొచ్చిన మర్నాడు మద్యాన్నం పెట్టినా సారూ. పిల్లోని నడుము బోడిగా ఉండ్య. ఆసుపత్రిలో ఎంతమంది పోయింటారు, గాలి సోకకుండా ఇనుము ఉండల్ల కదా. ఆ ఫ్యాన్సీ అంగట్లో తెచ్చి కడిగి పెట్టినా."

"నువ్వైనా చెప్పకూడదా అప్పా?" అన్నాను ఆయనతో.

"నువ్వు అడగల్యా సార్" అన్నాడు ఆయన. నిజమే.

పిన్నీసు తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఆయన్ని మళ్ళీ గదికి తీసుకుపోయి గొంతు నుంచి తొడల దాకా ఫిలింలు తీశాను, ఈసారి పంచె, దారం, వేళ్ళ ఉంగరాలు అన్నీ చూసుకుని. ఎముకలు, గాలి తప్ప ఏమీ లేదు. మింగిన పిన్నీసు ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా బుద్ధి గురించి చెప్పాలి. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటున్న చోటికి పోయే దారిలో, పాతిక అడుగుల దూరంలో, నేను ఒక మంచి అబద్ధం తయారు చేసుకున్నాను. ఎక్కువ కూడా అక్కర్లేదు. చివరి ఫిలిం మాత్రం చూపించి, పోయిందని చెబితే చాలు. వాళ్ళమ్మ మంత్రాలయానికి మొక్కుకుంది, ఆ ఖాతాలో పోతుంది. మూడు, నాలుగు రోజుల ఫిలింలు మళ్ళీ ఎవరు చూస్తారు? నా ముప్పై ఏళ్ళ మంచిపేరు అలాగే ఉంటుంది.

"మేడం, పిన్నీసు పోయింది" అన్నాను. అని ఆగాను.

"పోయిందా! పొద్దున ఫిలింలో?"

"పొద్దున..." అని నసిగాను. వెనక ఎవరో దగ్గారు. ఆయమ్మ, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"సారూ, నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

గుప్పిట తెరిచాను. అంతా చెప్పాను, జోకుతో సహా. ఆ నిజంలో నాది సగమే, తక్కిన సగం ఆయమ్మ దయ.

డాక్టరమ్మ ఆ పిన్నీసును వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసింది. తిడుతుందని కాచుకున్నాను. "ఇంకో పావుగంట అయ్యుంటే" అంది మెల్లగా, "లేని పిన్నీసు కోసం ఆయన పేగులన్నీ వెతికేదాన్ని." తిట్టి ఉంటే బాగుండేది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అవి చూసి, "నేనూ మూడు రోజులు ఫిలిం చూశాను గానీ మనిషి పంచె జరిపి చూడలేదు కదా. ఇద్దరం ఏడుద్దామా?" అంది. మత్తు డాక్టరు ముందు నవ్వాడు, ఆ తర్వాత అందరం నవ్వాం.

మిగిలింది ఒకటే ప్రశ్న. పిన్నీసు ఎలా పోయింది? డాక్టరమ్మ అడిగితే ఆయన గోడవైపు తిరిగి ఒప్పుకున్నాడు. మూడో రోజు తెల్లవారుతూనే, ఆయమ్మ ఇంకా నిద్ర లేవకముందే, చెంబు తీసుకుని రైలు పట్టాల అవతల తుమ్మకంపల్లోకి పోయి వచ్చాడు. ఆ తర్వాత కూడా రోజూ.

"మరి నాకు రాలేదని సెప్తివే?" అని ఆయమ్మ విరుచుకుపడింది. "మూడు దినాలు గిన్నె పెట్టుకోని నీ ముందర దేవుని ముందర కూసున్నట్ల కూసుంటి గదరా అప్పా!"

"అదే అక్కా నా బాధ. మా యక్క వయసు దానివి. నువ్వు పుల్ల పట్టుకోని నా దొడ్డిలో ఎతుకుతాంటే నేను మొగం యాడ పెట్టుకోవాల?"

ఆయమ్మ గిన్నె, పుల్ల ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెనక్కి తగ్గడం నేను చూసింది ఆ ఒక్కసారే. తన సిగ్గు కొద్దీ ఆయన అబద్ధమాడాడు, నా సిగ్గు కొద్దీ నేను ఆడబోయాను. ఆయన్ని తిట్టే మొహం నాకెక్కడిది?

ఇంకొక రోజు ఉంచుకుని పంపించాం. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ పిన్నీసు తిరిగి ఇమ్మంది. డాక్టరమ్మ ఇవ్వలేదు. కొత్తది కొనుక్కోమని చెప్పి, ఆ పసుపు పిన్నీసును ఎక్స్‌రే గది తెరకు, సరిగ్గా నా కళ్ళకు ఎదురుగా గుచ్చింది. నేను రిటైరయ్యే దాకా అది అక్కడే ఉంది. శాలువాలు, దండలు అయ్యాక డాక్టరమ్మ దాన్ని తీసి నా జేబుకు పెట్టింది. ఇంటికొచ్చి మొలతాడుకు తగిలించుకున్నాను. నా ఒంట్లో రైతు రక్తమే కదా, పంటి సందులకు మాత్రం వాడను.

మొన్న నడుం నొప్పికి ఎమ్మిగనూరులో ఎక్స్‌రే తీయించుకోవడానికి పోయాను. గదిలో ఒక అమ్మాయి ఉంది, ఉద్యోగానికి కొత్త. నేనెవరో చెప్పలేదు.

"ఇనుము ఏమన్నా ఉందా తాతా?"

నాకు చిలిపి పుట్టింది. "ఈ వయసులో నాకేం ఇనుముంటుందమ్మా, ఎముకలే అరిగిపోయినాయి" అన్నాను, నవ్వొచ్చేలా మొహం పెట్టి.

ఆ అమ్మాయి నవ్వింది. ముచ్చటగా, మనస్ఫూర్తిగా నవ్వింది. అయిపోయింది, ఈ పిల్లకూ అదే జరగబోతోంది అనుకున్నాను. నవ్వుతూనే ఆమె ఒక స్టీలు గిన్నె నా ముందు పెట్టింది. అందులో తాళంచెవులు, తాయెత్తులు, నాలుగైదు పిన్నీసులు ఉన్నాయి.

"అందరూ ఇట్లనే సెప్తారు తాతా. మొలతాడు సూపీండి."

చూపించాను. పిన్నీసు తీసి గిన్నెలో వేశాను. ఫిలిం తీయడం అయ్యాక "మీ పిన్నీసు తీసుకోండి" అని ఆమె గుర్తు చేసింది. వద్దమ్మా, నీ దగ్గరే ఉంచుకో అన్నాను. ఎందుకని అడిగింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బయట పదిమంది రోగులు కాచుకుని ఉన్నారు, ఆ అమ్మాయి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాతి మనిషిని లోపలికి పిలిచి, నవ్వు ఇంకా పూర్తిగా ఆగకుండానే, ఆయన పంచె జరిపి చూసింది.